త్రివేణికి జరగాల్సిన సన్మానం

2020 మే నెల. అమెరికాలోని ప్లేనోలో మా ఇండియన్ స్టోరులోకి కస్టమర్లను రానివ్వడం మానేశారు. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే సరుకులు సంచుల్లో కట్టి కారు డిక్కీలో పెట్టాలి. ఆ పని నాదీ, త్రివేణిదీ. నా పేరు వసంతలక్ష్మి. నలభై తొమ్మిదేళ్లు, గ్రీన్ కార్డు ఉంది, మోకాళ్లు లేవు. త్రివేణిది సిద్దిపేట. ఇరవై మూడేళ్లు, ఎం.ఎస్. చదువుతోంది. యూనివర్సిటీ లైబ్రరీలో చేసే పని కరోనాతో పోయింది. స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ బయట పని చేస్తూ దొరికితే వీసా పోతుంది. ఆకలి రుచెరగదంటారు, వీసా కూడా ఎరగదు. మాతో చేరింది.

ఆంజనేయప్రసాద్‌గారు మా తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ప్రతి శనివారం వస్తారు. కారు అద్దం దించరు, వేలితో డిక్కీ చూపిస్తారు. ప్రాణభయం అందరికీ ఉంటుంది, అది తప్పు కాదు. మాకు మాత్రం ఉండదనుకుంటారు చూడండి, దాని మీదే నా కోపం.

ఒక శనివారం అద్దం రెండంగుళాలు దించి, ఏ ఊరమ్మా, ఏ యూనివర్సిటీ అని త్రివేణిని అడిగారు. మనవాళ్లు కలిస్తే ఊరూ చదువూ అడక్కుండా వదలరు కదా. పెద్దాయన అడిగితే చెప్పకపోవడం పొగరవుతుందని ఆ పిల్ల అన్నీ చెప్పేసింది. ఆయన ఆమెను ఫోటో కూడా తీశారు.

సాయంత్రానికి సంఘం ఫేస్‌బుక్ పేజీలో పోస్టర్ వచ్చింది. ఫ్రంట్‌లైన్ వీరులకు ఆదివారం జూమ్‌లో సన్మానం. శాలువాలు ఇంటికే పంపుతారట, ఇంట్లోవాళ్లే కప్పాలి. డాక్టర్ల పక్కన మాస్కుతో, చేతుల్లో సంచులతో త్రివేణి. కింద ఆమె పేరు, యూనివర్సిటీ పేరు, మా స్టోరు పేరు.

ఓనర్ శశికాంత్ అది చూసి, పోస్టర్ తీసేసేదాకా పనికి రావద్దన్నాడు. త్రివేణి వెనక గదిలో కందిపప్పు బస్తా మీద కూర్చుని ఏడ్చింది.

"తీసేయమంటే ఎందుకమ్మా అంటడు. ఏం చెప్పాలె ఆంటీ?"

నిజం చెబితే ఆయన పోస్టర్ తీసేస్తారు, ఆ నిజాన్ని నాలుగిళ్లలో చెబుతారు కూడా. వేరే దారి తోచక నేనే ఫోన్ చేశాను.

"ఫోటోలో ఉన్నది నేనండీ. పేరు తప్పు పడింది. నేనేం చదవట్లేదు."

త్రివేణి నాకంటే జానెడు పొడుగు. నా జుట్టు సగం నెరిసింది. అడిగితే చెబుదామని రెండు మూడు అబద్ధాలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్కటీ ఖర్చు కాలేదు.

"అయ్యో, సారీ అమ్మా. మాస్కుల్లో అందరూ ఒకేలా ఉంటారు," అన్నారాయన.

పది నిమిషాల్లో పోస్టర్‌లో పేరు మారింది, యూనివర్సిటీ పోయింది. శశికాంత్ త్రివేణిని మళ్లీ పనికి రమ్మన్నాడు. బతికించావురా దేవుడా అనుకున్నాను. ఆ తర్వాత ఒళ్లు మండింది. ఏడు వారాలుగా ఆయన డిక్కీలో బియ్యం బస్తాలు పెట్టింది మేమిద్దరమే.

ఆదివారం డాక్టర్లు మాట్లాడారు. పాపం, నిజంగానే అలిసిపోయి ఉన్నారు. చివర్లో నాకు ఒక నిమిషం దొరికింది. మా ఆయన శాలువా కప్పాడు. నోరు తెరిస్తే త్రివేణి పేరు వచ్చేస్తుందని భయపడి థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. పోస్టర్‌లో ఒక మనిషి, స్క్రీన్ మీద ఇంకో మనిషి. ఎవరూ అడగలేదు.

మరుసటి శనివారం ఆయన కారు వచ్చింది. త్రివేణి సరుకులు పెట్టి లోపలికి వచ్చాక జరిగింది చెప్పింది. ఆయన అద్దం కాస్త దించి, చేతులు జోడించి, "వసంతలక్ష్మిగారూ, సన్మానం బాగా జరిగిందా?" అని అడిగారట. బాగా జరిగిందండీ అని తనూ దండం పెట్టిందట.

నేను తిట్లు లంకించుకున్నాను. త్రివేణి గ్లవ్స్ మార్చుకుంటూ ఆపింది.

"ఊకోండి ఆంటీ. ఆయనకు నేను కనబడకపోవుడే నాకు మంచిది."

తర్వాతి ఆర్డర్ చీటీ తీసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.