నాన్న తుపాకీ, బావ మాట

అతన్ని అందరూ భూతద్దం అనే పిలుస్తారు. పాత సైనిక తుపాకుల్లో ఏది అసలు, ఏది నకలు, ఏది ఎంత చేస్తుందో తన దుకాణంలో కూర్చుని తేల్చడం అతని పని. ఆ అలవాటు మనుషుల మీదికీ పాకింది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే చాలు, ఎందుకొచ్చాడో అని ఆరా తీస్తాడు.

ఈసారి అక్కయ్య ఇంట్లో భోజనాల బల్ల మీద ఉన్నది సొంత నాన్న తుపాకీ. నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్నదని హాల్లో మేకుకు తగిలించి, ఇన్నేళ్ళూ అపురూపంగా చూసుకున్నారు. పక్కన నాన్న పేరు రాసి ప్రదర్శనకు పెడతామని సైనిక మ్యూజియం వాళ్ళు ముందుకొచ్చారు. అసలుదేనని తమ్ముడు రాసిస్తే చాలు. అక్కయ్య కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

గొట్టంలోకి లైటు వేసి చూశాడు. గుండును తిప్పే మెలి గాడులు లేవు, లోపలంతా నున్నగా ఉంది. చెక్క కూడా చెయ్యి తగిలే చోటా, తగలని మూలలోనూ ఒకే నలుపు. అంటే వాడకంతో నల్లబడింది కాదు, రంగు పూసింది. కవాతు కోసమో నాటకం కోసమో చేసిన నకలు. వెంటనే బావ గుర్తొచ్చాడు.

ఇంట్లో రేడియో అమ్మి పేకాటలో పోగొట్టిన ఘనుడు బావ. తుపాకీకి నూనె పూసేదీ ఆయనే. మార్చెయ్యడానికి అంతకన్నా వీలేం కావాలి?

"అసలుది ఎవరికి అమ్మావు బావా?"

బావ వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఎవరికైతే ఏంలే. అమ్మేశాను. మీ అక్కకి చెప్పకు."

భూతద్దానికి అనుమానం ఇంకా పెరిగింది. పేకలో ఓడితే ముక్కలదే తప్పనే మనిషి, ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు?

భుజానికి ఆనే చివర ఉన్న ఇనప రేకు మరలు విప్పాడు. రేకు కింద చెక్క మీద ఒంటిచెవి పిల్లి బొమ్మ. చిన్నప్పుడు తనే దొంగతనంగా మేకుతో గీశాడు. రెండో చెవి గీసేలోపే నాన్న వచ్చి వీపు చిట్లగొట్టాడు.

తుపాకీ మారలేదు. మొదటి నుంచీ నకలే. సైన్యం వదిలి వచ్చేవాడు తుపాకీ అప్పగించే రావాలి. దుకాణానికి వచ్చే ప్రతివాడికీ అతను ముందుగా చెప్పే మాట అది. నాన్న విషయంలో ఒక్కసారీ తట్టలేదు.

"నీకు తెలుసు కదూ?" అన్నాడు.

"మామయ్యే చెప్పారు. తుపాకీ ఏదని మీరిద్దరూ రోజూ ప్రాణం తీస్తుంటే కొన్నారట. మీ అక్కకి తెలిస్తే తట్టుకోలేదు. ఆ మాటేదో నా మీదే ఉండనీ."

తలుపు తెరుచుకుంది. టీ కప్పులతో అక్కయ్య. "ఏం అమ్మారు?"

"బావ ఏమీ అమ్మలేదక్కా. ఇది నాన్న యుద్ధం నుంచి తెచ్చింది కాదు. మన కోసం కొన్నది. మ్యూజియానికి నేను రాసివ్వలేను."

అక్కయ్య కూలబడింది. చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. కళ్ళు నిండాయి.

"మన కోసమా," అంది. "సరే. మరి ఈయన్ని దొంగను చేశావు కదా, ముందు ఆ సంగతి చూడు."

భూతద్దం సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "తప్పయింది బావా."

"పోనీలే. ఆ రెండో చెవి కూడా గీసి రేకు బిగించు. ఇన్నాళ్ళూ ఒంటిచెవి పిల్లికి నూనె పూస్తున్నాను."