యాభై సెకన్ల ఆట

మంచు హాకీ మైదానంలో స్కేట్లకు సానపట్టే మనిషిని అందరూ సానాయన అనే పిలిచేవారు. పాతికేళ్ళుగా గిర్రున తిరిగే ఆ సానరాయి పక్కన నిలబడి ఆయన చెవులు కాస్త మందగించాయి గానీ, నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. ఆ నోరే ఇప్పుడు కొంప ముంచింది.

కూతురు జాతీయ జట్టుకు గోల్‌కీపరుగా ఎంపికైందని పది రోజులుగా స్కేట్లు తెచ్చిన ప్రతివాడినీ ఆపి మరీ చెప్పుకున్నాడు. తీరా చూస్తే, ఆమె ఆడటానికి వీల్లేదని హాకీ సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. ఏడేళ్ళ క్రితం తల్లి పుట్టిన దేశం తరఫున ఒక పోటీ ఆడిందట.

ఆడిన మాట నిజమే. అప్పుడు పిల్లకు పదహారేళ్ళు. సెలవులకు ముగ్గురూ అమ్మమ్మగారింటికి వెళ్ళారు. అక్కడి చిన్నవాళ్ళ జట్టులో రెండో గోల్‌కీపరుకు జ్వరం తగిలింది. పిల్లకు తల్లివైపు నుంచి ఆ దేశపు పౌరసత్వం కూడా ఉంది కాబట్టి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టారు. కూర్చుని లేచి వచ్చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. జట్టు ఎనిమిది గోల్స్ తేడాతో ఎలాగూ ఓడిపోతోందని, ఈ మహానుభావుడు కోచ్ దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకున్నంత పని చేశాడు.

"ఒక్క నిమిషం దింపండి బాబూ. పిల్ల జన్మంతా చెప్పుకుంటుంది."

పీడా వదిలిపోతుందని కోచ్ దింపాడు. యాభై సెకన్లు. ఒక్క దెబ్బ గోల్ మీదికి వస్తే కాలు అడ్డం పెట్టి ఆపింది. తండ్రి బతిమాలిన సంగతి పిల్లకు ఎవరూ చెప్పలేదు.

సమాఖ్య ఆఫీసులో గుమస్తా పాపం మంచివాడే. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు.

"ఆ తర్వాత ఏడేళ్ళూ ఇక్కడే ఆడింది కదండీ. వేరే దేశానికి ఆడినవాళ్ళు ఇక్కడ వరసగా నాలుగేళ్ళు ఆడితే చాలని మీ నిబంధనలోనే ఉంది," అన్నాడు సానాయన.

"ఆ నాలుగేళ్ళు బదిలీ కాగితం పెట్టిన రోజు నుంచి లెక్కండీ. మీరు పెట్టలేదు."

"బదిలీ ఏంటండీ? ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. సెలవులకు వెళ్ళొచ్చిన పిల్లకి బదిలీ కాగితం పెట్టాలని ఎవడికి తోస్తుంది?"

"ఎవరికీ తోచదండీ," అన్నాడు గుమస్తా, నిజంగానే బాధపడుతూ. "కానీ రూలు అలాగే ఉంది."

"యాభై సెకన్లండీ బాబూ! చెప్పులు వేసుకోవడానికి పట్టేంతసేపు!"

"మంచు మీద కాలు పెడితే ఆడినట్టేనండీ."

ఇవాళ కాగితం పెడితే ఇంకో నాలుగేళ్ళు ఆగాలి. పిల్లకున్న మోకాలి దెబ్బకు ఇంకో రెండేళ్ళు ఆడితే గొప్పని డాక్టరు ముందే తేల్చేశాడు. పోనీ తల్లి దేశానికే ఆడదామంటే అక్కడ ఆడవాళ్ళ జట్టునే ఎత్తేశారు. సానాయనకు ఏడుపు తన్నుకొచ్చింది. పరాయివాడి ముందు ఏడవలేక, చదివిన కాగితమే మళ్ళీ చదువుతున్నట్టు తల వంచుకున్నాడు.

మధ్యాహ్నం కూతురు సానగదికి వచ్చింది. గుమస్తా అన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. తాను కోచ్‌ని బతిమాలిన మాట ఒక్కటే మిగిలింది. అది కూడా చెప్పేసి చీవాట్లు తింటే గుండె బరువు దిగుతుందనుకుని రాయి ఆపాడు.

"అమ్మలూ, ఆ రోజు ఆ కోచ్..."

"ఆయన్ని తిట్టకు నాన్నా." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకెప్పుడూ చెప్పలేదు గానీ, అప్పటికి నేను ఆట మానేద్దామనుకుంటున్నా. మామూలుగా రెండో గోల్‌కీపర్ని ఎవరూ దింపరు. ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను చూసి 'నువ్వెళ్ళు' అన్నాడు. నాలో ఏదో ఉందనేగా? ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళు ఆడాను. ఇప్పుడు జట్టు పోయింది. అదొక్కటైనా నాకు ఉండనీ."

సానాయన పక్కనున్న స్కేటు తీసుకుని అంచు తుడిచాడు.

"ఇంతకీ ఏదో చెప్పబోయావు?"

"అదేనమ్మా. ఆ కోచ్ నిన్ను చూడగానే కనిపెట్టేశాడు. అదే చెబుదామని."