వంక పెట్టకూడని కన్ను

మా అధ్యయనం ఉద్దేశం చాలా సులభమైనది. కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, మార్పిడి చేయించుకున్న రోగికి పదిహేను రోజులకొకసారి ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడగాలి. దాత నుంచి వచ్చిన పొరను శరీరం తిరస్కరిస్తున్న సూచనలుంటే అప్పుడే బయటపడతాయి, వెంటనే చుక్కల మందు పెంచితే కన్ను నిలుస్తుంది. ఆ ప్రశ్నలు రాసింది నేనే. ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం బోధించి మార్కాపురంలో స్థిరపడిన నన్ను ఒంగోలులోని ఒక కంటి ఆసుపత్రి అడిగి మరీ రాయించుకుంది. ఫోన్లు చేసేది ఆ ఆసుపత్రి ఉద్యోగిని సింధూజ.

ఏడు నెలల తర్వాత పట్టిక తెరిచాను. నలభై ఇద్దరు రోగులు, ఐదేసి ప్రశ్నలు, ఎక్కడ చూసినా ‘ఇబ్బంది లేదు’. మనుషుల శరీరాలు అంత క్రమశిక్షణతో నడవవు.

“ఏడు నెలల్లో ఒక్కరికైనా కన్ను ఎర్రబడలేదా, సింధూజా?”

“నేనేం చేసేది మేడమ్? కాటమరాజన్న అయితే ప్రశ్న పూర్తి కాకముందే ‘బాగుంది తల్లీ, నువ్వు అన్నం తిన్నావా’ అంటాడు.”

అందుకే మొదట కాటమరాజు ఇంటికే వెళ్లాను. తర్లుపాడు దారిలో ఆ ఇల్లు. పాతికేళ్లుగా పలకరాయిని ఉలితో పొరలుగా చీల్చే పని అతనిది. రాతి పెచ్చు ఎగిరి కుడికంట్లో పడింది, తెల్లటి మచ్చ పడింది, చూపు పోయింది. ఏడాది కిందట కొత్త పొర వేశారు.

నేను వెళ్లేసరికి ఉదయం పది. అరుగు మీద వాకిలికి వీపు పెట్టి, తలమీద తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

“కన్ను ఎలా ఉంది?”

“బాగుందమ్మా.”

“ఎర్రగా ఉంది కదయ్యా.”

“ఎరుపుదేముంది లే.”

“వెలుతురు చూడలేకపోతున్నావా?”

“ఎండను చూసే పనేముందమ్మా నాకు?”

అతని ఎడమకన్ను మూసి, కుడికంటి ముందు వేళ్లు చూపబోయాను. అతను నా చెయ్యి మెల్లగా పక్కకు తీసేశాడు. “అట్ల పరీక్ష పెట్టగూడదు.”

అతని భార్య పాపమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి సంగతి చెప్పింది. “సచ్చిపోయినామె ఎవరో ఇచ్చిపోయిన కన్నమ్మా. అమాసకు అమాసకు ఆమెకు ఆకేసి అన్నం పెడతన్నాం. పోయినోళ్లు ఇచ్చినదానికి వంక పెడితే, పెట్టిన అన్నం వాళ్లకు అందదని మా అత్త చెప్పేది.”

“ఇచ్చింది ఆడమనిషని ఎవరు చెప్పారు? ఆసుపత్రిలో చెప్పరే.”

“చెప్పేదేముంది, మగోళ్లు పోతా పోతా ఏమన్నా ఇచ్చిపోతారా?”

రోగి భయంతో అబద్ధం చెప్పవచ్చు, మరచిపోవచ్చు, మొహమాటపడవచ్చు. ఈ మూడింటినీ ఊహించే ప్రశ్నలు కూర్చాను. కృతజ్ఞత నిజాన్ని దాస్తుందని మాత్రం నాకు తోచలేదు. ఏ ఇంట్లో ఏ కారణమో, మిగిలిన నలభై ఒక్కరి సమాధానాలనూ ఇక నమ్మలేను.

“మబ్బుగా కనబడబట్టి ఎన్ని రోజులు?”

అతను తువ్వాలు కళ్ల మీదికి లాక్కున్నాడు. పాపమ్మే చెప్పింది. “పోయిన అమాసకు ముందు నుంచి. ఆకేసినాంక తగ్గుతాదనుకున్నాం.”

లెక్కవేస్తే పంతొమ్మిది రోజులు. ఆ మధ్యలో సింధూజ ఫోన్ చేసింది, అతను బాగుందన్నాడు, ఆమె రాసుకుంది. దాంతో మందు పెంచవలసిన వాళ్లెవరూ పెంచలేదు.

“ఇంకో వారం ఆగితే ఆ కన్ను మిగలదు,” అన్నాను. గొంతు పెరిగింది.

“కోప్పడొద్దమ్మా, బీపీ వస్తాది,” అన్నాడు కాటమరాజు. “ఆస్పత్రికి పోయి ఏమని చెప్పాల? ఆయమ్మ ఇచ్చింది బాగలేదనా?”

శరీర ధర్మం చెప్పాను. తిరస్కరించేది అతని రక్తమే తప్ప ఆమె తప్పేమీ లేదని చెప్పాను. బొమ్మ గీసి కూడా చూపించాను. అన్నింటికీ తలూపాడు, అరుగు దిగలేదు. నలభై నిమిషాలు గడిచాయి. చివరికి పాపమ్మ నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని అతనివైపు తిరిగింది.

“ఆమె కన్నిచ్చింది పోగొట్టుకొమ్మనా? రేపు పైన ఎదురొచ్చి ఏం చేసినావురా అంటే ఏం జెప్తావ్? పలకలు చీల్చినానంటావా? లెయ్, చొక్కా ఏసుకో.”

అతను లేచాడు. ముప్పై ఏళ్ల బోధన మీద నాకున్న గౌరవం ఆ క్షణాన కొంత తరిగింది.

ఆ సాయంత్రానికే ఒంగోలు చేరాం. డాక్టర్ జయలక్ష్మి దీపం వేసి చూసి, తిరస్కరణే అన్నారు. అక్కడే చేర్చుకుని గంట గంటకూ చుక్కలు మొదలుపెట్టారు. చూపు పూర్తిగా పోలేదు కానీ, ఎంత నిలుస్తుందో చెప్పలేనన్నారు.

నాలుగో రోజు కంట్లో ఎరుపు తగ్గింది. ఆ సాయంత్రమే ఇంటికి పంపుదామనుకుని, డాక్టర్ అతన్ని అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టారు. మూడు వరుసలు చదివాడు.

“బాగుందా?”

అలవాటుగా నోరు తెరిచాడు. మూసుకున్నాడు. పాపమ్మవైపు ఒకసారి చూశాడు.

“లేదమ్మా,” అన్నాడు చాలా మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు. “ముందు అయిదు వరసలు కనబడేటివి. ఇప్పుడు కింద రెండూ మబ్బుగున్నాయి.”

డాక్టర్ మళ్లీ దీపం దగ్గరికి రమ్మన్నారు. చాలాసేపు చూసి, ఇంటికి పంపే కాగితం పక్కన పెట్టి, గంట గంటకూ చుక్కలు మరో వారం వేయమని నర్సుకు చెప్పారు.

కాటమరాజు నావైపు తిరిగాడు. “చూస్తివా అమ్మా? నిజం చెప్పినందుకు ఇంకో వారం ఇక్కడే పండబెట్రి.”