బయటి గడియ

గడియ పడిన చప్పుడుకి క్లారా వెనక్కి తిరిగింది. అప్పటికే అంతా చీకటి.

"రామ్‌సామి అంకుల్! నేను లోపలున్నాను!"

గోడల నిండా వేలాడుతున్న పాత కోట్లు ఆమె కేకను మింగేశాయి. బయట బూట్ల చప్పుడు దూరమైంది. కాసేపటికి వ్యాను స్టార్టయింది. రామ్‌సామి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు. లండన్ నుంచి వస్తున్న అబెనా క్వార్టేని తీసుకురావాలి. క్లారా ఇరుక్కున్న ఈ పెట్టెను తయారు చేసిన శిల్పి ఆవిడే.

ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు. రామ్‌సామి ఫిజీ తెలుగువాడు. తాతల నాటి నుంచి చెరకు తోటల్లో బతికిన కుటుంబం. 1987లో అక్కడి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక భార్య సుమింత్రను తీసుకుని మెల్బోర్న్ వచ్చేశాడు. ఈ గ్యాలరీలో సామాను దించడం, ఎక్కించడం ఆయన పని. దేశం మారినా, తుఫాను గాలులకి తలుపులు బిగించుకునే ఫిజీ అలవాటు మాత్రం పోలేదు. తెరిచి ఉన్న తలుపు కంటబడితే మూసి గడియ పెట్టందే అడుగు ముందుకు వెయ్యడు. గ్యాలరీలో అందరూ ఆ అలవాటు చూసి నవ్వుకునేవాళ్లు. క్లారా కూడా నవ్వేది, ఇవాళ్టి దాకా. కింద పడిన కోటొకటి తగిలిద్దామని లోపలికి వచ్చింది. ఆయన చూసుకోలేదు.

ఆ పెట్టె పేరు 'మరొకరి చెయ్యి'. ఓడల్లో సరుకు పంపే చెక్కలతో కట్టిన ఇరుకు గది. లోపల గడియ లేదు, పిడి లేదు. డబ్బున్న దేశాలు వదిలించుకున్న బట్టలు మూటలుగా ఘనా చేరతాయి. అక్కడి రాజధాని అక్రా సంతలో అలాంటి కోట్లు ఏరి, అబెనా ఈ గోడలకు వేలాడదీసింది. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. బయటివాళ్లు గడియ పెడతారు. మళ్లీ ఎవరో తీస్తేనే విడుదల. లోపలి మనిషి చెయ్యగలిగింది తట్టడం ఒక్కటే.

ఆఫ్రికాలోనూ, ఆఫ్రికా నుంచి వలసపోయి ఇతర దేశాల్లోనూ ఈ రోజున పనిచేస్తున్న కళాకారులను ఆస్ట్రేలియాకి చూపించాలని, ఈ గ్యాలరీ ప్రదర్శనలు చూసుకునే క్లారా రెండేళ్లు తిరిగింది. ఉత్తరాలు రాసింది, బతిమాలింది, పోట్లాడింది. ఈ మధ్యాహ్నమే ప్రారంభం. రాయబారులు వస్తారు, పత్రికలవాళ్లు వస్తారు. ఆమె మాత్రం ఇక్కడుంది.

ఫిబ్రవరి ఎండకి గ్యాలరీ రేకుల కప్పు మండిపోతోంది. పాత ఉన్ని వాసన గొంతులో అడ్డం పడుతోంది. గాలి కోసం అబెనా నేల దగ్గర ఓ సన్నని సందు వదిలింది. క్లారా బోర్లా పడుకుని ముక్కు దానికి ఆనించింది.

అంతలో ఆ సందులోంచి రెండు జతల బూట్లు కనిపించాయి. గోధుమరంగువి గ్యాలరీ యజమాని కీత్ బార్లోవి. అమ్మయ్య అనుకుని నోరు తెరిచింది.

"ఇదేనా ఆ శవపేటిక?" అంది రెండో గొంతు. ప్రదర్శనకి డబ్బు పెడుతున్న కంపెనీ మేనేజరుది.

"ఇదే. కంగారు పడకు మేట్. దీన్ని ఎవరూ చూడరు."

క్లారా కేకను మింగి చెవి సందుకి ఆనించింది.

"మా ఛైర్మన్ భార్య వస్తోంది, కీత్. చర్చిలో పాత బట్టలు పోగుచేసి ఆఫ్రికాకి పంపుతుంది పాపం. అవే తెచ్చి ఆవిడ ముఖాన వేలాడదీస్తావా?"

"నల్లగుడ్డ కప్పేస్తాను. చెక్కలో పురుగుందని క్వారంటైన్‌వాళ్లు ఆపేశారని చెబుతాను. ముందు నేను కొన్న కొయ్య మాస్కులూ డోళ్లూ పెడదాం. జనం ఆఫ్రికా అంటే వాటికోసమే వస్తారు."

"ఆర్టిస్టు గొడవ చేస్తే?"

"క్లారా సర్దిచెబుతుంది."

"ఆమె ఒప్పుకుంటుందా?"

కీత్ నవ్వాడు. "ఆమె పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాల మీద సోమవారం సంతకం పెట్టాల్సింది నేను. మొగుడూ కొడుకూ కూడా దానిమీదే వేలాడుతున్నారు. ఒప్పుకోక ఎక్కడికి పోతుంది?"

పైనుంచి బరువైన గుడ్డ జారింది. ఉన్న ఒక్క సందూ మూసుకుపోయింది.

క్లారా అరవలేదు. అరిస్తే తీస్తారు. తీసి ఏం చేయిస్తారో ఇప్పుడే విన్నది. బాపట్ల నుంచి తనను నమ్ముకుని వచ్చిన భర్త డేనీ ఇక్కడ టాక్సీ తోలుతున్నాడు. ఏతాన్ మొన్ననే బడిలో చేరాడు, రాత్రిళ్లు కూడా బడి కొత్త టోపీ పెట్టుకునే నిద్రపోతున్నాడు. కీత్ లెక్క తప్పేమీ కాదు. చెమట కళ్లలోకి కారుతోంది. ఎంతసేపు అలా పడి ఉందో ఆమెకే తెలియదు.

గుడ్డ అంచు లేచింది. గాలి లోపలికి వచ్చింది.

"క్లారమ్మా? లోపల ఉండావా?"

"ఉన్నాను అంకుల్."

"అరే బాప్‌రే! నేనే గడియ పెట్టినానా? ఊరంతా ఎతికినాను కదమ్మా! ఉండు, తీస్తాను. ఎనక తలుపు నుంచి పోదువు, ఒక్కడికీ తెలవదు."

"అబెనా వచ్చిందా?"

"వచ్చింది. పెట్టె క్వారంటైన్‌లో ఉండాదని సాబ్ చెప్పినాడు. పెట్టె లేకుండా నేనెందుకు వచ్చినట్టు అనింది పాపం. ఆయమ్మకి నువ్వే సర్దిచెప్పాలంట, సాబ్ నిన్ను పిలవమన్నాడు."

గడియ మీద ఆయన చెయ్యి పడిన చప్పుడు వినిపించింది. ఒక్క క్షణంలో బయటపడుతుంది. ముఖం కడుక్కుంటుంది, నవ్వుతూ ఓ అబద్ధం చెబుతుంది. సోమవారం సంతకం అయిపోతుంది.

"తియ్యొద్దు అంకుల్."

"ఏందీ?"

"తియ్యొద్దు. గుడ్డ అంచు కొంచెం ఎత్తి ఉంచండి చాలు. వెళ్లి అబెనా పక్కన నిలబడండి. జనం చేరాక తడతాను."

"ఎండకి తల తిరిగిందా నీకు? మా తాతని ఫిజీ కూలీకి పంపేముందు మద్రాసు డిపోలో లోపలేసి గడియ పెట్టినారంట, ఓడ ఎక్కేదాకా. లోపల ఉన్నోడు ఎవడూ తియ్యొద్దు అనలేదమ్మా!"

"వాళ్లకి బయట మనిషి లేడు. నాకు మీరున్నారు."

 "గోడ మీద కొట్టొద్దు, కోట్లు మింగేస్తాయి. నేల మీద కొట్టు," అని గొణిగి ఆయన వెళ్లిపోయాడు.

జనం పోగయ్యారు. గ్లాసులు గలగలమన్నాయి. మైకులో కీత్ గొంతు తేనెలా సాగింది. "దురదృష్టవశాత్తూ, మిస్ క్వార్టే శిల్పం క్వారంటైన్‌లో..."

క్లారా చెప్పు చేతిలోకి తీసుకుంది. ఏతాన్ టోపీ కళ్లముందు మెదిలింది. చెయ్యి గాలిలోనే ఆగింది. తర్వాత కళ్లు మూసుకుని దాని మడమతో నేలను బాదింది.

మాటలు ఆగిపోయాయి.

"పాత బిల్డింగు," అని నవ్వాడు కీత్, ఇళ్ల కప్పుల్లో దూరే పిల్లంత జంతువుల మీదికి నెట్టేస్తూ. "కప్పులో పోసమ్‌లు ఎక్కువ."

జనమూ నవ్వారు. క్లారా మళ్లీ బాదింది, ఇంకా గట్టిగా.

"మీ పోసమ్ బూట్లేసుకుంటుందా, కీత్?" అన్నారెవరో.

అడుగులు దగ్గరికి వచ్చాయి. "ఆ చప్పుడు నాకు తెలుసు," అంది ఓ ఆడగొంతు. గుడ్డ జారింది. గడియ లేచింది.

క్లారా వెలుగులోకి తూలింది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. అబెనా ఆమె భుజం పట్టుకుని నిలబెట్టింది.  జనం వైపు తిరిగి, "తర్వాత ఎవరు?" అంది.

ముందుకు వచ్చింది ఛైర్మన్ భార్యే. చాలాసేపు లోపలే ఉంది. తట్టాక గడియ తీస్తే, పాలిపోయిన ముఖంతో బయటికొచ్చింది. "అందులో ఒక స్కూలు కోటుంది. ఆ స్కూలు మా వీధిలోనే," అంది. తర్వాత కీత్ మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు చూశావా దీన్ని?"

కెమెరాలు అతని వైపు తిరిగాయి. కీత్ పళ్లు బిగించి నవ్వుతూ లోపలికి వెళ్లాడు. గడియ పెట్టడానికి ఎవరూ చెయ్యి చాపేలోపే రామ్‌సామి పెట్టేశాడు.

కాసేపటికి లోపల చప్పుడు మొదలైంది. అబెనా పక్కకు జరిగి క్లారాకి దారిచ్చింది. క్లారా సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"ఈ సందులోంచి ప్రతి మాటా లోపలికి వినిపిస్తుంది కీత్. గుడ్డ కప్పకముందు మీరన్నవీ విన్నాను."

చప్పుడు ఆగింది. "తలుపు తియ్యి క్లారా," అన్నాడతను చాలా మెల్లగా.

"అడుగమ్మా," అన్నాడు రామ్‌సామి ఆమె చెవిలో. "సంతకం సంగతి ఇప్పుడే అడుగు. దొరికినాడు."

క్లారా గడియ మీద చెయ్యి వేసింది. ఇనుము వెచ్చగా ఉంది. లోపల ఆ గాలి ఎలా ఉంటుందో, ఆ చీకట్లో ఎవరు ఏమడిగినా ఒప్పుకోబుద్ధి ఎలా అవుతుందో ఆమెకు తెలుసు.

"అలా అడిగితే నాకూ ఆయనకీ తేడా ఏముంది అంకుల్," అని గడియ ఎత్తింది.

కీత్ కోటు దులుపుకుంటూ ఆమెను దాటాడు. "సోమవారం పొద్దున్నే నా గదికి రా," అన్నాడు, ముఖం చూడకుండా.

ఎందుకో ఆమెకు తెలుసు, సంతకానికైతే కాదు. ఇంటికెళ్లి డేనీకి ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచించింది.  వెనకాల వరస వీధి గుమ్మం దాకా పెరిగింది. ఎవరో లోపలికి వెళ్లారు, ఎవరో గడియ పెట్టారు.

లోపల నుంచి మళ్లీ చప్పుడైంది. క్లారా వెళ్లి గడియ తీసింది.