అద్దం వెనక ఇంజనీరు

టవరు ఇంజనీరుకి ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఒక్క సంగతి బాగా ఒంటబట్టింది. అన్నీ సవ్యంగా ఉంటే తనకి పనుండదు. ఊరంతటికీ టీవీ, రేడియో అందించే ట్రాన్స్‌మిటర్లు గుర్రుమంటూ వాటి పని అవి చేసుకుపోతుంటే, ఆయన కుర్చీలో కూర్చుని మీటర్లకేసి చూస్తుంటాడు. అంతే.

ఆ ఊరికి టవరంటే ప్రాణం. కీచైన్ల మీద, టీకప్పుల మీద, ఆఖరికి చెత్తబుట్టల మీద కూడా దాని బొమ్మే. జనం లిఫ్టు కోసం రెండేసి గంటలు నిలబడి, పైకెక్కి తమ ఇల్లెక్కడుందో వెతుక్కుని, కనబడక దిగిపోయేవాళ్లు.

కొత్తగా వచ్చిన టూరిజం మేనేజరుకి ఇది చాల్లేదు. ట్రాన్స్‌మిటర్ గదికి ఒకవైపు గోడ కొట్టించి అద్దం పెట్టించాడు. పక్కన బోర్డు: ‘పనిలో ఉన్న ఇంజనీరు’.

మొదటి రోజే ఫిర్యాదు.

"మీరు కదలట్లేదంటున్నారు సార్," అన్నాడు మేనేజరు.

"నేను కదిలానంటే ఊళ్లో టీవీలు ఆగిపోయినట్టే."

"నిజమే సార్. కానీ ఒకావిడ మిమ్మల్ని బొమ్మనుకుని అద్దం మీద తట్టిందట."

"చెయ్యి ఊపాను. కెవ్వుమని అరిచింది."

మర్నాడు ఆయన ముందు పన్నెండు రంగుల దీపాల బల్ల వెలిసింది. దానికీ ట్రాన్స్‌మిటర్లకీ ఏ సంబంధమూ లేదు. పది నిమిషాలకోసారి మీటలు నొక్కాలి. పైవాళ్ల ఉత్తర్వు కదా, నొక్కాడు. పిల్లలు ముచ్చటపడ్డారు.

ఒక మధ్యాహ్నం నిజంగానే కూలింగ్ ఫ్యాన్ కాలిపోయింది. ట్రాన్స్‌మిటర్ వేడెక్కి టక్కున ఆగింది. ఊరంతా టీవీలు మూగబోయాయి. ఇంజనీరు కుర్చీ తన్నేసి లేచి, అటు ఉరికి ఇటు ఉరికి, చొక్కా చెయ్యి చింపుకుని, పదకొండు నిమిషాల్లో రెండో ట్రాన్స్‌మిటర్ మీద ప్రసారాలు నిలబెట్టాడు. ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగితే అద్దం అవతల నలభైమంది చప్పట్లు. ఎవడో ఈల కూడా వేశాడు.

ఫోను మాత్రం ఒక్కసారే మోగింది. అవతల ఆయన భార్య.

"ఏమండీ, ఇందాక టీవీ పోయింది. మీకేమన్నా తెలుసా?"

అంత ఊళ్లో గమనించింది ఒక్క మనిషి. ఆవిడా తాళి కట్టించుకున్న పాపానికి.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "అద్భుతం సార్! ఇదే రోజూ పదకొండింటికోసారి, నాలుగింటికోసారి చేద్దాం."

"తప్పకుండా. రోజుకి రెండుసార్లు ప్రసారాలు ఆపమని మీ చేత్తో రాసి, సంతకం పెట్టివ్వండి."

మేనేజరు ఆ కాగితం జోలికి పోలేదు. వారం తిరక్కుండా ఒక నాటకాల నటుణ్ణి తెచ్చాడు. అసలు మీటర్లూ మీటలూ వెనక స్టోర్‌రూముకి మార్పించి, ఇంజనీర్నీ అక్కడికే పంపేశాడు. ఇంజనీరు జన్మలో తొడగని తెల్లకోటు తొడుక్కుని, నటుడు అద్దం వెనక రోజుకి రెండుసార్లు ఊరిని కాపాడేవాడు. ఇంజనీరు ఒకసారి వెళ్లి చూశాడు. కాస్త అతి చేశాడు గానీ, చెమట తుడుచుకోవడం తనకన్నా నయమనిపించింది. మనసు మాత్రం చివుక్కుమంది.

ఒక ఆదివారం భార్య తన అక్కనీ బావనీ వెంటబెట్టుకొచ్చింది. ఆ తోడల్లుడు నటుడితో ఫోటో దిగి, ఇంజనీరు భుజం తట్టాడు. "మీ ఆఫీసులో ఒక్కడైనా ఒళ్లొంచే మనిషున్నాడు తమ్ముడూ!"

భార్య వాళ్లని పైకి పంపేసి, ఆయన వెంట స్టోర్‌రూముకి వచ్చింది. ఉన్న ఒక్క కుర్చీ ఆవిడకిచ్చి ఆయన గోడకి ఆనుకున్నాడు. మీటర్ల ముళ్లు కదలకుండా ఉన్నాయి. ఆవిడ పావుగంట వాటినే చూసింది.

"ఏమీ జరగట్లేదేంటండీ?"

"జరగకుండా చూడ్డమే నా పని."

"అబ్బో," అందావిడ. "ఇన్నేళ్లూ ఒక్కరే చూశారా?"

అక్క పైకి రమ్మని రెండుసార్లు ఫోన్ చేసినా ఆవిడ లేవలేదు.

మర్నాడు ఇంజనీరు రెండో కుర్చీకి అర్జీ పెట్టాడు. ‘కారణం’ అన్న చోట ‘సందర్శకుల తాకిడి’ అని రాశాడు.