ఆసు పోసిన చెయ్యి

మిరపకాయ బజ్జీల రెండో వాయి మూకుడులో వేశానో లేదో, హాల్లోంచి మురళీమోహన్ కేకేశాడు. "ఉషా, జల్ది రా! టీవీల నా పేరు పడ్తాంది." స్టవ్ తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లేసరికి నా మొగుడి పేరు పడటమూ, చుట్టాలు చప్పట్లు కొట్టడమూ అయిపోయాయి. "కథ రాసుడంటే మాటలనుకున్నరా? మావోనికి చిన్నప్పటి సంది తెలివెక్కువ" అంటోంది మా అత్తమ్మ. కూర్చుందామంటే జాగా లేదు, వంటింటి గడప దగ్గరే నిలబడ్డాను. మా అమ్మకు మాత్రం టీవీ ముందే కుర్చీ వేశారు. అల్లుడే ఫోన్ చేసి రమ్మన్నాడని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కట్టంగూర్ నుంచి నల్లగొండ బస్సెక్కి వచ్చింది.

సీరియల్ మొదటి భాగం. అంతా మా చిన్నతనమే. యాంటెన్నా తిప్పుతున్న పిల్లలు, కరెంటు పోగానే వెలిగే కందిలి, మగ్గాల చప్పుడు వినిపించే గల్లీ. "అబ్బ, ఎన్నేండ్లాయె గివన్ని చూడక!" అని ఆడబిడ్డ శ్రీదేవి మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను. ఇవన్నీ ఆయనకు చెప్పింది నేనే కదా. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ చెప్పాను. ఈ ఇంట్లో నా మాట వినేదెవరు? అలాంటిది కాలేజీలో పాఠాలు చెప్పి రాగానే నా పక్కన పీట వేసుకుని "ఇంకేమైంది?" అని అడుగుతుంటే, పెళ్లయిన ఇన్నేళ్లకు నా మీద మనసు పడ్డాడనుకున్నాను. పిచ్చిదాన్ని.

తెరమీద కందిలి ఆరిపోయింది. చాప మీద తెల్లచీరలో ఒక ఆడమనిషి పడుకుని ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి, కుడిచెయ్యి మాత్రం పైకి లేచి గాలిలో అటూ ఇటూ, అటూ ఇటూ ఆడుతోంది. అది అమ్మ చెయ్యి.

నాయిన మగ్గం మీద కూర్చోవాలంటే ముందు అమ్మ ఆసు పోయాలి. నడిమి కొయ్య నుంచి ఎదుటి మేకులకు, మేకుల నుంచి మళ్లీ కొయ్యకు దారం చుడుతూ పొద్దంతా చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. చీర ఎవరు నేశారంటే నాయిన పేరే చెప్పేవాళ్లు. ఆసు ఆడవాళ్ల పని, ఇంటి పనిలో అదొకటి, అంతే. నిద్రపోయినా అమ్మ చెయ్యి ఆగేది కాదు. నేను దాన్ని పట్టుకుని నా గుండెల మీద పెట్టుకుంటే మెల్లగా సద్దుమణిగేది. అప్పుడే నాకూ నిద్రపట్టేది. ఈ సంగతి మా అన్నకు కూడా చెప్పలేదు. మొగుడికి చెప్పాను.

తెరమీది పిల్ల ఆ చేతిని చూసి కెవ్వుమంది. "దయ్యం! మా అమ్మ దయ్యం!" అంటూ తలుపు తోసుకుని గల్లీలోకి పరుగెత్తింది. హాల్లో పిల్లలు అరిచారు, పెద్దలు నవ్వారు. శ్రీదేవి తన చెయ్యిని అలాగే ఆడిస్తూ పిల్లల్ని బెదిరించింది. అమ్మ ఒక్కతే నవ్వలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కొంగు కింద దాచుకుంది. ప్రకటనలు రాగానే లేచి వంటింట్లోకి వచ్చింది.

"నన్ను చూసి గంత బుగులు పడ్డవా బిడ్డా? నాకెన్నడు చెప్పకపోతివి."

నేను జవాబు చెప్పేలోపే వెనకాలే మురళీమోహన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అందరు ఒకటే ఫోన్లు! చెయ్యి సీను మస్తుగ ఉన్నదంట."

"నేను గా పిల్ల లెక్క ఉరకలేదు. చెయ్యి పట్టుకొని పండుకునేదాన్నని మీకు చెప్పిన కద."

"గట్ల పెడితే ఎవరు చూస్తరే? దయ్యమంటే బుగులు పడాలె." నవ్వాడు. "రెండో భాగం ఇంక రాయలేదు. మీ అమ్మ కూడ ఉన్నది కద, ఇద్దరు కూసొని ఇంకో ముచ్చట చెప్పుండ్రి."

బజ్జీలు మాడిన వాసన వస్తోంది. స్టవ్ ఆపాను. అమ్మ కొంగు కింద నుంచి ఆ చేతిని బయటికి తీసి, ఆయన చూస్తుండగానే నా గుండెల మీద పెట్టుకున్నాను. వణుకుతోంది. సద్దుమణిగేదాకా వదల్లేదు.

"ఏందే, చెప్పరాదు?" అన్నాడు.

"నాకేం యాదికి లేదు" అన్నాను.

ఆయన విసుక్కుంటూ హాల్లోకి పోయాక వంటింటి తలుపు వేసి, జరిగింది జరిగినట్టు అమ్మకు చెప్పడం మొదలుపెట్టాను.