పురుగులు తొలిచిన తలుపు

సోమవారం పొద్దున ఇల్లు ఊడ్వడానికి వచ్చిన లుథీనియా మౌల్ట్రీ వీధి తలుపు దగ్గరే ఆగిపోయింది. తలుపు కొత్త ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది. దానికుండే ఏడు తూట్లలో ఒక్కటీ లేదు. నమ్మలేక చేత్తో తడిమింది. నున్నగా తగిలి, వేళ్లకు పచ్చిరంగు అంటుకుంది.

ఆ ఇల్లు ఆమె ముత్తాత హెజెకయాది. బానిసగా పుట్టి, అమెరికా అంతర్యుద్ధం ముగిశాక దక్షిణ కరొలైనా శాసనసభకు రెండుసార్లు గెలిచిన మనిషి. ఇప్పుడు ఇంటిని ఊరి కమిటీ చూసుకుంటోంది. ఇరవై రెండేళ్లుగా శనివారాలు వచ్చినవాళ్లకు దాన్ని తిప్పి చూపేది మాత్రం లుథీనియానే.

మెట్ల మీద రంగులేసే డెల్మర్ కుంచెలు తుడుచుకుంటున్నాడు.

"తూట్లేం చేశావు నాయనా?"

"పూడ్చేశానండీ, మిస్ లుథీనియా. పురుగు తొలిచిన చిల్లులు పూడ్చి రంగెయ్యమన్నారు. ఇదిగో, కాగితం."

నిజమే. పురుగు తొలిచిన చిల్లులు అనే రాసుంది. కింద కమిటీ పెద్ద రాండల్ ఫిష్‌బర్న్ సంతకం.

"పురుగులా!" ఆమె కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. "అవును నాయనా, ఆ పురుగులు గుర్రాలెక్కి వచ్చాయి. ఎర్ర చొక్కాలు తొడుక్కుని, తుపాకులు పట్టుకుని!"

డెల్మర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అది 1876 ఎన్నికల ముందు ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ. నల్లవాళ్లను ఓటుకు రానివ్వకూడదని ఎర్ర చొక్కాలు వేసుకు తిరిగే తెల్లవాళ్ల దండు ఇంటిమీద కాల్పులు జరిపింది. ముత్తవ్వ డైసీ బిడ్డను పొట్టకింద దాచుకుని బల్లకింద పడుకుంది. హెజెకయా వెనక కిటికీలోంచి దూకి పదకొండు రోజులు వరిచేలలో దాగాడు. తిరిగొచ్చాక సభ గడప తొక్కలేదు. చెప్పులు కుట్టి బతికాడు. తలుపు మార్చమని ఎందరు చెప్పినా వినలేదు. "అది నా సాక్షి" అనేవాడట.

లుథీనియా ఫోన్ చేసిన పావుగంటలో ఫిష్‌బర్న్ కారు దిగాడు.

"ఎందుకమ్మా ఈ రభస? వసంతం నుంచి ఇక్కడ పెళ్లిళ్లు జరిపించాలనుకుంటున్నాం. తుపాకీ తూట్ల పక్కన ఏ పెళ్లికూతురు ఫొటో దిగుతుంది?"

"అంటే తూట్లు దేనివో మీకు తెలుసన్నమాట!"

ఫిష్‌బర్న్ తడబడ్డాడు. "పాత గాయాలు కెలకడం ఎవరికీ మంచిది కాదు."

"గాయం మాది, నొప్పి మీకా? గోడమీద పలకలోనూ ఇలాగే రాశారు. మా ముత్తాత రాజకీయాల నుంచి విశ్రాంతి తీసుకున్నారట! వరిచేలో మొలలోతు నీళ్లలో నిలబడ్డమేనా విశ్రాంతి?"

ఆమె డెల్మర్ బకెట్లోంచి గోకుడు రేకు అందుకుంది. డెల్మర్ దాన్ని మెల్లగా లాగేసుకున్నాడు. అతనూ ఫిష్‌బర్న్ వైపేననుకుంది. కానీ అతను సన్నటి మేకులాంటి పనిముట్టు వెతికి ఆమె చేతిలో పెట్టాడు.

"దీంతోనైతే చెక్క చెదరదండీ. చిల్లుల్లో కూరిన పుట్టీ ఇంకా ఆరలేదు."

"నిన్ను పనికి పెట్టింది ఎవరు?" అని అరిచాడు ఫిష్‌బర్న్.

"మీరేనండీ. పురుగులని చెప్పిందీ మీరే."

డెబ్బై ఆరేళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని కింది తూటు మొదలుపెట్టింది. ఫిష్‌బర్న్ పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలవండి. వాళ్లకూ కథ చెబుతా" అంది, వెనక్కి తిరక్కుండానే. అతను పిలవలేదు. మధ్యాహ్నానికి ఏడూ తెరుచుకున్నాయి.

ఆ వారమే కమిటీ ఆమె దగ్గర తాళంచెవి తీసేసుకుంది. ఆదివారం చర్చి అయ్యాక నలభైమంది ఆడవాళ్లు చర్చికి పెట్టుకున్న టోపీలతోనే వచ్చి తలుపు ముందు నిలబడేసరికి, తూట్లు మళ్లీ పూడ్చే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. బదులుగా ఒక చిన్న పలక కొట్టారు: "ఎన్నికల నాటి అల్లర్ల గుర్తులు."

అల్లరి చేసిందెవరో అందులో లేదు. అందుకే లుథీనియా ఇప్పటికీ శనివారాలు వస్తుంది. లోపలికి రానివ్వరు కనుక గేటు బయట మడత కుర్చీ వేసుకుంటుంది. టికెట్టు కొన్నవాళ్లను ఆపి, ఆ ఎర్ర చొక్కాలవాళ్ల పేర్లు తనకు తెలిసినన్ని ఒక్కొక్కటిగా చెబుతుంది. వాటిలో రెండింటి ఇంటిపేరు ఫిష్‌బర్నే.